డబుల్ ఉంటేనే దానం

కార్డులు పోగుచేసేవాడికి ముందుగా కావలసింది డబ్బు కాదు, ఓపికా కాదు. లేదని చెప్పే నోరు. "నా దగ్గర లేదు" అన్న మూడు మాటలు కళ్లు పక్కకి తిప్పకుండా, గొంతు సవరించుకోకుండా అనగలగాలి. మా ఉద్దానం వాళ్లకి ఈ విద్య బొత్తిగా అబ్బలేదు. ఇంటికొచ్చిన మనిషికి బొండం కొట్టి ఇవ్వకుండా పంపితే ఆ రాత్రి నిద్రపట్టదు. పనసపండు కోసిన వాసన వీధి చివరిదాకా వెళుతుంది కనక తొనలు కూడా అంతదాకా వెళ్లాల్సిందే. ఇలాంటి గాలి పీల్చి పెరిగినవాడి చేతిలో ఓ సచిన్ కార్డు పెట్టి చూడండి, మర్నాటికది ఎవరో గుంటడి జేబులో తేలుతుంది. అందుకే పలాస, మందస, సోంపేట, కవిటి, వజ్రపుకొత్తూరు పరగణాల్లోని భావి సేకర్తల కోసం ముప్ఫై ఏళ్ల అనుభవం పిండి ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. వీటిని తు.చ. తప్పకుండా పాటిస్తే ఒక్క కార్డు కూడా చెయ్యి దాటదు. నేను పాటించాను. ఒకటి రెండుసార్లు తప్పాననుకోండి, అది చివర్లో చెబుతాను.

కార్డులంటే ఏవని అడిగే తరం వచ్చింది కాబట్టి కాస్త పూర్వకథ. 1990లలో బిగ్ ఫన్ బబుల్‌గమ్ కొంటే లోపల పరుగులో, వికెట్లో వచ్చేవి. అవి కూడబెట్టి ఇస్తే చిన్న పుస్తకం దొరికేది. వేలితో జరజరా తిప్పితే అందులో బ్యాట్స్‌మన్ కదిలి షాట్ కొట్టేవాడు. 1999 ప్రపంచకప్పుకి బ్రిటానియా బిస్కెట్ల కాగితాల మీద పరుగులు అచ్చేశారు. వంద చేస్తే ఓ పుస్తకం, గీకి చూస్తే అదృష్టముంటే ఇంగ్లండు ప్రయాణం. మా ఊరినుంచి ఇంగ్లండు ఎవరూ వెళ్లలేదు గాని, ఆ వేసవంతా కిరాణాకొట్టు ముందు ఒక్క కాగితమ్ముక్క నేలమీద లేదు. తర్వాత చిప్స్ పొట్లాల్లో టాజోలొచ్చాయి. అన్నిటికీ రాజు మాత్రం డబ్ల్యుడబ్ల్యుఎఫ్ ట్రంప్ కార్డుల కట్ట. మల్లయోధుడి బొమ్మ కింద ర్యాంకు, ఎత్తు, బరువు, ఛాతీ, కండ, చేసిన ఫైట్లు, గెలిచిన ఫైట్లు. బరువడిగితే యోకోజునాకి ఎదురులేదు. వేపచెట్టు కింద కూర్చుని "చెస్ట్ ఎంత?" అని అరిచే గుంటల్ని చూసి మా తాత, బడిలో దర్జీ పని నేర్పుతున్నారని కొన్నాళ్లు సంతోషించాడు.

ఇక విషయానికి వద్దాం. మొదటి జాగ్రత్త: డబుల్ ఉంటేనే దానం. రెండోది ఉన్న కార్డు ఇవ్వడానికి గుండె అక్కర్లేదు, అయినా గుండె కోసి ఇస్తున్నట్టు కనబడాలి. కార్డు తీసి ఒకసారి చూసుకోవాలి, లోపల పెట్టేయాలి, మళ్లీ తీయాలి. "నువ్వు కాబట్టి" అనాలి. అవతలివాడు ఆ రుణం పదేళ్లు మోస్తాడు. ఆ పదేళ్లూ వాళ్లింటి మావిడికాయలు మీవే.

రెండోది మారకపు రేటు. డబ్బుతో బేరం పెట్టుకుంటే పెద్దవాళ్లకి తెలిసిపోతుంది. మా దగ్గర అంతకన్నా మేలైన నాణెం చెట్టునించే రాలుతుంది, జీడిపిక్క. మార్చి నుంచి మే దాకా తోటల్లో పండు తెంపి పిక్క వేరుచేసే రోజుల్లో గుంటల జేబులన్నీ బరువుగా వేలాడుతుంటాయి. గీత గీసి, వరసగా పిక్కలు పేర్చి, లావుపాటి పిక్కతో దూరంనించి కొట్టి గెలుచుకునే ఆట ఒకటి. సైకిలు మీదొచ్చే ఐసు బండివాడు పిక్కలే తీసుకుని పుల్ల ఐసు ఇచ్చేవాడు. కార్డులకీ అదే లెక్క. పేరు తెలియని బౌలరుకి పది, అజారుద్దీన్‌కి పాతిక, సచిన్‌కి అవతలివాడి ఏడుపు ఎంత తడిగా ఉంటే అంత. పుచ్చుపిక్క చేతిలో పట్టగానే తేలిపోవాలి. మెతక మనసువాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. "సరే, రేపిద్దువులే" అంటారు. ఉద్దానంలో రేపంటే వచ్చే వేసవి.

నాణ్యత చూడ్డం మూడో జాగ్రత్త. అమెరికాలో దీనికోసం 1991లో ఓ కంపెనీయే పుట్టింది, పేరు పీఎస్ఏ. కార్డు పంపితే అంచులు, మూలలు, మెరుపు చూసి ఒకటి నుంచి పది దాకా మార్కులేసి, గట్టి ప్లాస్టిక్ పెట్టెలో సీలు చేసి పంపుతుంది. ఇందులో మనకి కొత్తేముంది? పలాస, కాశీబుగ్గల్లో జీడిపప్పు బట్టీల ఆడవాళ్లు ఇదే పని రోజూ చేస్తున్నారు. గుళ్లు ఒకవైపు, బద్దలు ఒకవైపు, ముక్కలు ఒకవైపు. గుళ్లలో మళ్లీ 180, 210, 240, 320. 320 అంటే పౌనుకి 300 నుంచి 320 గుళ్లు తూగే సైజు. మా పిన్ని ఆ గుళ్లని కంటితో కూడా చూసేది కాదు, వేళ్ల మధ్య దొర్లిస్తే చాలు. జీడిసొన కాలిన ఆ వేళ్లకి బూడిద రాసుకుని కూర్చుని, నా కార్డుల కట్ట కూడా ఓసారి అలాగే దొర్లించి "ఇందల మూడు బద్దలున్నాయిరా" అంది. నిజమే, మూడింటికి మూలలు విరిగాయి. ఆమె బొటనవేలి మరక అజారుద్దీన్ భుజం మీద గోధుమరంగులో పడింది. పీఎస్ఏ లెక్కలో ఆ కార్డుకి గుండుసున్నా. కాబట్టి పిన్నుల్ని దగ్గరికి రానివ్వకండి.

గ్రేడు ఇచ్చారు కదా అని నమ్మేయకండి కూడా. ప్రపంచంలో అన్నిటికన్నా పేరున్న కార్డు హోనస్ వాగ్నర్ అనే బేస్‌బాల్ ఆటగాడిది, 1909లో సిగరెట్టు పెట్టెల్లో రావడం మొదలైంది. పిల్లలు తన బొమ్మకోసం పొగాకు కొంటారని ఆయన ఆపించేశాడని కొందరంటారు, తనకి డబ్బివ్వలేదని ఆపించాడని కొందరంటారు. ఏదైతేనేం, కొద్ది ప్రతులే మిగిలాయి, 2022లో ఒకటి 72 లక్షల 50 వేల డాలర్లకి పోయింది. మొదటి కారణమే నిజమైతే, ఓ మనిషి మంచితనం వల్ల ఇంత ధర పలికిన వస్తువు మరోటి ఉండదు. పీఎస్ఏ మొట్టమొదట గ్రేడు వేసింది కూడా ఒక వాగ్నర్ కార్డుకే, పదికి ఎనిమిది ఇచ్చింది. ఆ కార్డు అంచులు తానే కత్తిరించానని దాన్ని చేతులు మార్చిన వ్యాపారి 2013లో ఒప్పుకున్నాడు. ఇది చదివినప్పుడు నాకు చిన్న వణుకు వచ్చింది. కారణం చివర్లో.

ఎవరిలా ఉండకూడదో కూడా తెలియాలి. జెఫర్సన్ బర్డిక్ అని న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూస్‌లో ఓ ఫ్యాక్టరీ కార్మికుడు ఉండేవాడు. పెళ్లి లేదు, కీళ్లవాతం. జీవితమంతా కార్డులు, పోస్టుకార్డులు, లేబుళ్లు ఏరాడు. మూడు లక్షలు దాటాయి. వాటికి పద్దు రాసి, రకరకానికీ ఓ గుర్తు ఇచ్చాడు. వాగ్నర్ కార్డుని ఈనాటికీ టీ206 అంటున్నారంటే అది ఆయన పెట్టిన గుర్తే. ఇంతచేసి ఏం చేశాడు? మొత్తం తీసుకెళ్లి మెట్రపాలిటన్ మ్యూజియానికి ఉత్తినే ఇచ్చేశాడు, వాగ్నర్‌తో సహా. ఇచ్చి ఊరుకున్నాడా, అదీ లేదు. వంకర్లు పోయిన వేళ్లతో ఏళ్ల తరబడి అక్కడే కూర్చుని ఒక్కొక్కటీ ఆల్బముల్లో అంటించాడు. 1963 జనవరిలో ఆఖరిది అంటించాడు, మార్చిలో పోయాడు. మా వైపు పుట్టాల్సినవాడు, దారితప్పి అక్కడ పుట్టాడని నా అనుమానం.

మా వైపు అలాంటివాళ్లకి కొదవలేదు కాబట్టే ఈ మార్గదర్శి. ఉద్దానంలో ఇంటికొకరు బయట ఉంటారు, ఓడ మీదో, పటాలంలోనో, చెన్నైలోనో. అలా ఓడ మీద పనిచేసే మా వరస మావయ్య ఒకాయన సింగపూర్ నుంచి ఫుట్‌బాల్ కార్డుల పొట్లాలు తెచ్చాడు. నాకోసమే తెచ్చాడని నా నమ్మకం. బారువ బీచిలో సాయంత్రం పొట్లాలు విప్పి, అక్కడ గెంతుతున్న గుంటలందరికీ తలో రెండూ పంచేశాడు. ఎవరికీ ఒక్క ఆటగాడి పేరు తెలీదు. ఒకడైతే "మావయ్యా, ఈడు బౌలరా?" అనడిగాడు. "ఆల్‌రౌండరు" అన్నాడు మావయ్య, మొహం చెదరకుండా. నాకు మిగిలినవి రెండు. ఇలాంటి బంధువులు వచ్చే రోజు స్టేషన్లోనే సంచీ అందుకోండి, బీచి దాకా రానివ్వకండి.

ఇప్పుడు నేను తప్పిన సంగతి. అయిదో క్లాసులో టెక్కలి వైపు నుంచి వచ్చి మా ఊళ్లో వాళ్ల అమ్మమ్మ ఇంట్లో ఉండి చదివే గుంటడొకడు ట్రంప్ కార్డుల పిచ్చిలో పడ్డాడు. వాడికి ఒకటో ర్యాంకు కావాలి. ఆ కార్డు నా దగ్గరా లేదు. ఉన్నది పదకొండో ర్యాంకు గడ్డపు మల్లుడు. కొత్త బ్లేడు ముక్కతో పదకొండులో ఒక ఒకటిని నెమ్మదిగా గీకాను, కొబ్బరినూనె చుక్క రాశాను, అరవై పిక్కలు లెక్కపెట్టి తీసుకున్నాను. ఒక్కటీ పుచ్చులేదు. ఆ ఏడు నేను తిన్న ఐసు మరెప్పుడూ తినలేదు. వ్యాపారదక్షతకి ఇంతకన్నా ఉదాహరణ చెప్పలేను.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటింది. నవరాత్రులు మొదలైన మర్నాడు. తెల్లారేసరికి తోటల్లో ఆకాశం కనబడింది, అంతవరకూ మాకు అక్కడ ఆకాశం కనబడేది కాదు. కొబ్బరి, జీడి లక్షల చెట్లు పడుకున్నాయి. మా పెంకులు లేచిపోయి, ట్రంకుపెట్టెలోకి నీళ్లు దిగి, ముప్ఫై ఏళ్ల కార్డులు ఒకదానికొకటి అంటుకుని అట్టుముద్దయ్యాయి. అప్పుడు వాటి గురించి ఏడవడానికి కూడా సిగ్గేసింది. కరెంటు స్తంభాలు కూలాయి, మోటార్లు ఆగాయి, తాగడానికి నీళ్లు లేవు. ట్యాంకుల్లోకి నీళ్లెక్కించడానికి జనరేటర్లు ఊరూరా తిరిగాయి.

మా ఊరికి వచ్చిన జనరేటరు వ్యాను మీంచి దిగినవాడు వాడే. బట్టతల వచ్చింది, నవ్వు అదే. టెక్కలి నుంచి అద్దెకి పట్టుకొచ్చాడట, డీజిలు డబ్బులు కూడా వాడివే. తీగ కలిపి, మోటారు పలికాక, ట్యాంకు అరుగు మీద కూర్చున్నాం.

"నీ కార్డులేటయ్యాయిరా?"

చెప్పాను. జేబులోంచి రబ్బరుబ్యాండు వేసిన కట్ట తీశాడు. ట్రంప్ కార్డులు, పూర్తి కట్ట.

"ఉంచీసుకో. మా గుంటలు ఫోన్లే సూస్తారు, నానేటి సేసుకుంటాను?"

అంటే డబుల్ లేకుండా ఇస్తున్నాడు. నా మొదటి జాగ్రత్త వాడెక్కడా చదివినట్టు లేడు. కట్ట విప్పాను. పైనే ఉంది గడ్డపు మల్లుడు, ర్యాంకు దగ్గర కాగితం పలచబడి.

"ఇది... నీకు తెలుసా?"

"ఆ దినమే తెల్సీసింది. ఎండలోకి ఎట్టి సూస్తే గీకుడు కనపడీసింది."

"మరి అడగలేదేం?"

"అడిగితే నువ్వు పిక్కలు తిరిగిచ్చీసి కార్డు లాగీసుకుందువు. అప్పుడు నాకేటుంది?"

ఈ వాదనకి ముప్ఫై ఏళ్ల నా అనుభవంలో జవాబు దొరకలేదు. ట్యాంకు నిండడానికి ఇంకా గంట పడుతుంది. కార్డులు కలిపి సగం సగం పంచాడు. ఇద్దరు నడివయసు మగవాళ్లు ట్యాంకు కింద కూర్చుని "బరువెంత", "ఫైట్లెన్ని" అని అరుచుకుంటుంటే బిందెలు పట్టుకుని నిలబడ్డ ఆడవాళ్లు నవ్వారు, తుపాను తర్వాత మా ఊళ్లో విన్న మొదటి నవ్వు అదే. కాసేపటికి వాడి చేతికి గడ్డపు మల్లుడు పైకొచ్చాడు.

"ర్యాంకు," అన్నాడు వాడు గట్టిగా. "ఒకటి."

నా చేతిలో పైన ఉన్నది అసలు ఒకటో ర్యాంకు. మచ్చలేదు, మూల విరగలేదు, గుళ్లలో 180.

"నా దగ్గర లేదు" అని బోర్లా తిప్పి ఇచ్చేశాను. వాడది తిప్పి చూడకుండానే కట్ట అడుక్కి తోసుకున్నాడు.