ఇవాళ ఏం కూరండీ?

పల్లెటూళ్ళో ప్రశాంతత ఉంటుందని మొదట ప్రచారం చేసిన మహానుభావుడెవరో గాని, ధనుర్మాసంలో కోనసీమలో ఒక్క రాత్రయినా పడుకుని ఉండడు. ఇంకా తెల్లారకుండానే రామాలయం మైకు తిరుప్పావై అందుకుంటుంది. పాశురానికీ పాశురానికీ మధ్య ఆ రోజు ప్రసాదం ఎవరిదో, ఎవరి మనవడి పుట్టినరోజో, ఎవరి గేదె తాడు తెంపుకు పోయిందో ప్రకటనలు. ముసుగెంత బిగించినా గేదె రంగుతో సహా చెవిన పడాల్సిందే.

హైదరాబాదులో బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరైన ఒక పెద్దాయన సరిగ్గా ఈ ప్రశాంతత కోసమే అమలాపురం దగ్గరి సొంతూరికి వచ్చేశారు. ఆయన ఊహలో పల్లెటూరంటే వెండితెర మీది పల్లెటూరే. 2019లో ‘మహర్షి’ సినిమా వచ్చాక శనాదివారాల సేద్యం నగరంలో ఫ్యాషనైపోయి, సాఫ్ట్‌వేరు కుర్రాళ్ళు ప్యాంట్లు పైకి మడిచి మళ్ళలో దిగి ఫొటోలు పెట్టారు గదా! వాళ్ళు తొక్కిన నాట్లు మళ్ళీ వేయించడానికి ఎంత కూలవుతుందోనని గట్టు మీద లెక్కలేసుకునే రైతు ఫొటో మాత్రం ఎవరూ పెట్టలేదు.

వచ్చీ రాగానే పెద్దాయన ఎడ్లబండి ఎక్కుతానన్నారు. ఊరంతా గాలించినా దొరకలేదు. దున్నేది ట్రాక్టరు, కోసేది కోత మిషను. “ఎడ్లబండి చూడాలంటే మీ మాదాపూర్లోనే చూడాలి మావయ్యా, శిల్పారామంలో” అన్నాడు మేనల్లుడి వరసయ్యే కుర్రాడు. తాగే నీళ్ళు ఇరవై లీటర్ల టిన్నులో ఆటో మీద వస్తున్నాయి. అరుగుల మీద కబుర్లు ఉన్నాయి గానీ, సీరియళ్ళయ్యాకే.

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో 83 కోట్ల మంది పల్లెల్లోనే ఉన్నారు. ఇంటి కప్పు దేనితో వేశారు, పొయ్యిలోకి ఏం వాడతారు, నీళ్ళెక్కడివి అని ఎన్యూమరేటర్లు గడపగడపకీ వెళ్ళి అడిగారు. సంతోషంగా ఉన్నారా అనే గడి మాత్రం ఫారంలో లేదు. ఉన్నా లాభం లేదు. ఆ ప్రశ్న వేసినవాణ్ణి కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, నీకెంతమంది పిల్లలని ఎదురు లెక్క రాసుకునేవారు.

ఉప్పు ప్యాకెట్టు కోసం కొట్టుకి బయల్దేరితే పెద్దాయనకి గంట పడుతుంది. కొట్టు వీధి చివరే. కానీ దారి పొడుగునా ఇళ్ళున్నాయి.

“ఎప్పుడొచ్చేరండి? ఎన్నాళ్ళుంటారండి?”

“వచ్చేశానండీ. ఇక ఇక్కడే.”

“ఆయ్! ఏమండీ, కోడలితో పడలేదాండీ?”

ఆ గండం గడిస్తే తర్వాతి అరుగు మీద ముసలమ్మగారు. “ఏం కూర బాబూ ఇవాళ?” వంకాయండీ అంటే ఆవిడ కళ్ళజోడు సర్దుకుంటుంది. “వంకాయ నీకు పడదు గదరా! నాలుగో క్లాసులో ఒళ్ళంతా దద్దుర్లొచ్చి మీ అమ్మ వేపాకు పట్టుకుని తిరగలేదూ?” ఆ దద్దుర్ల సంగతి పెద్దాయనకే గుర్తులేదు. అపార్ట్‌మెంటులో ఆయన పేరు ఉద్యోగమంత కాలమూ నాలుగొందల రెండు. ఇక్కడా ఆయన పేరు ఎవరికీ అక్కర్లేదు. మునసబుగారి మూడోవాడంటే చాలు. ఈ వేధింపుకి ఆయన ఎంతగా అలవాటు పడ్డారంటే, ఒకరోజు ఎవరూ కూర అడక్కపోయేసరికి ఊళ్ళో ఏం జరిగిందోనని కంగారుపడ్డారు.

ఇక కొబ్బరి దింపు. నెలన్నరకో రెండు నెలలకో దింపువాళ్ళు వచ్చి చెట్లెక్కుతారు. ఇక్కడ బేరం వెయ్యి కాయలకింత అని, అంబాజీపేట మార్కెట్టు ధరని బట్టి సాగుతుంది. లెక్కపెట్టేవాడు చేతికి రెండేసి కాయలు తీసి కుప్ప మీదికి విసురుతూ పైకే అంకెలు చదువుతుంటాడు. మధ్యలో ఎవరైనా పలకరిస్తే లెక్క తప్పుతుంది. పలకరించకుండా ఊరుకునే మనిషి కోనసీమలో పుట్టలేదు కనక లెక్క మళ్ళీ మొదటికొస్తుంది. నోట్లు లెక్కపెట్టిన చేతులు గదా అని పెద్దాయన తనూ దిగారు. చివరికి తోటవాళ్ళదొక లెక్క, కొనేవాళ్ళదొక లెక్క, ఈయనదొక లెక్క. ముగ్గురూ కలిసి మధ్య అంకె ఖాయం చేసుకున్నారు. ఇదే పని బ్యాంకులో చేస్తే సస్పెన్షను; ఇక్కడ తలో బొండం కొట్టించారు.

అయితే ఈ సుఖం పొలం మీద బతకనక్కర్లేనివాడికే ఇంత చులాగ్గా దొరుకుతుంది. 2011 ఖరీఫ్‌లో ఇదే కోనసీమ రైతులు గిట్టుబాటు కాక పంట విరామం ప్రకటించి, వేల ఎకరాలు నాట్లు వెయ్యకుండా వదిలేశారు. నెల తిరిగేసరికి పింఛను ఖాతాలో పడేవాడికి ముసురు పట్టినా కవిత్వమే వస్తుంది. పక్కింటాయన ఆ ముసురులో కళ్ళంలో ధాన్యం మీద బరకాలు కప్పుకుంటూ ఉంటాడు. పెద్దాయనకి ఈ తేడా తెలుసు కాబట్టే, ఇప్పుడు వానొస్తే కవిత్వం మానేసి బరకం రెండో కొస పట్టుకోవడానికి వెళ్తున్నారు.

మొన్న సంక్రాంతికి వాళ్ళబ్బాయి లాప్‌టాప్‌తో దిగాడు, ప్రశాంతంగా పని చేసుకోవచ్చని. సావిట్లో మీటింగు మొదలైంది. తెర మీద డల్లాసు నుంచి మేనేజరు. పక్కింటి బాబాయిగారు అరిసెల డబ్బా ఇవ్వడానికి వచ్చి, కుర్చీ వెనకాల నిలబడి తొంగిచూశారు.

“బాగున్నారాండీ? మీదేవూరండి?”

అబ్బాయి బిక్కచచ్చిపోయాడు. అవతల మేనేజరు కాస్త తటపటాయించి, తణుకండీ అన్నాడు. ఆయన కింద అన్నేళ్ళుగా పని చేస్తున్నా అబ్బాయికి ఈ సంగతి తెలీదు. బాబాయిగారు రెండు నిమిషాల్లో తణుకులో ఏ వీధో, తండ్రి ఏం చేసేవారో, చెల్లెలికి సంబంధాలు చూస్తున్నారన్న సంగతీ రాబట్టేశారు. ప్రాజెక్టు ఊసెవరూ ఎత్తలేదు. అమ్మాయి నక్షత్రం రాసుకోవడానికి బాబాయిగారు అబ్బాయి పెన్నే అడిగి పుచ్చుకున్నారు.