నేను లాకప్ ఎదుటి కెమెరాను

నన్ను ఈ గోడకు బిగించింది పోలీసు శాఖే. బిగించమన్నది మాత్రం సుప్రీంకోర్టు. గేటు, వరండా, లాకప్, ఎస్సై గది, ఏదీ వదలకుండా దృశ్యంతోపాటు మాట కూడా రికార్డు కావాలనీ, దాన్ని 18 నెలలు, వీలుకాకుంటే కనీసం ఏడాది ఉంచాలనీ 2020 డిసెంబరు 2న పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో ఆదేశించింది. నా బాగోగుల బాధ్యత స్టేషన్ హౌస్ ఆఫీసరుదే. అదే ఏడాది జూన్‌లో తమిళనాడులోని సాత్తాన్‌కుళంలో, లాక్‌డౌన్ వేళ దాటాక కూడా దుకాణం తెరిచి ఉంచారంటూ పట్టుకెళ్లిన తండ్రీకొడుకులు కస్టడీ దెబ్బలకు చనిపోయారు. ఆ స్టేషన్‌లోనూ కెమెరాలున్నాయి. మేజిస్ట్రేటు వెళ్లి చూస్తే హార్డ్‌డిస్కులో కావలసినంత చోటుంది. రికార్డు మాత్రం ఏ రోజుకారోజు చెరిగిపోయేలా అమర్చి ఉంది. కాబట్టి నన్ను పెట్టగానే సరిపోదు, నా జ్ఞాపకాన్ని కాపాడాలి.

కెమెరా ముందు కరడుగట్టిన నేరగాడు నోరు విప్పడని దర్యాప్తు అధికారులు అంటారు. వాళ్ల మీద ఒత్తిడి నిజమే, బాధితులకు న్యాయం జరగాలన్న ఆరాటమూ నిజమే. కానీ కొట్టి చెప్పించిన ఒప్పుకోలు కోర్టులో దేనికి పనికొస్తుంది? పోలీసుల ముందు చేసిన నేరాంగీకారం చెల్లదని 1872 నాటి సాక్ష్య చట్టం 25వ సెక్షన్ చెప్పింది; 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్ 23వ సెక్షన్‌లోనూ అదే నియమం. నిందితుడి మాటను బట్టి కత్తో నగో దొరికితే ఆ మేరకే ఆ మాట చెల్లుతుంది. పంచనామా సాక్షులు అడ్డం తిరిగిన రోజున, అతను దెబ్బలు తినకుండానే ఆ మాట చెప్పాడని చూపగలిగేది నేనే. నిజాయితీగా పనిచేసిన ఎస్సైకి, తప్పుడు ఆరోపణ వచ్చినప్పుడు, నాకన్నా గట్టి సాక్షి దొరకడు.

నేనుంటే కొట్టడానికి వేరేచోటికి తీసుకెళ్తారన్న అభ్యంతరం బలమైనదే. నా చూపు గేటు దాటదు. అందుకే నేను ఒంటరిగా చాలను. 1996లో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు తప్పనిసరి చేసిన అరెస్టు మెమో, దానిమీద సాక్షి సంతకం, 48 గంటలకోసారి వైద్య పరీక్ష నాకు తోడుండాలి. మెమోలో అరెస్టు సాయంత్రం అని రాసి, నా రికార్డులో మనిషి పొద్దున్నే గేటు దాటి వచ్చినట్టుంటే, 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలన్న లెక్క అక్కడే తేలిపోతుంది.

మీవాళ్లకు స్టేషన్‌లో తీవ్రంగా దెబ్బలు తగిలితే రాష్ట్ర మానవ హక్కుల కమిషన్‌కు గానీ, మానవ హక్కుల కోర్టుకు గానీ ఫిర్యాదు చేయండి. తేదీ, వేళ రాసి ఫుటేజీ తెప్పించమని అడగండి. ఆలస్యం చేయకండి. గడువు దాటితే నా దగ్గర ఏమీ మిగలదు.