అయిపోవాలి కానీ కనపడకూడదు

యుద్ధం ఆపేద్దామా అని అమెరికా జనాన్ని అడిగారు. ఆపేయమన్నారు. సైన్యాన్ని వెనక్కి పిలిపిద్దామా అన్నారు. ఇంకా పిలిపించలేదా అన్నారు. పిలిపించారు. ఇదేం పిలిపించడం అంటూ ముక్కున వేలేసుకున్నారు.

2021 ఏప్రిల్‌లో, అఫ్ఘానిస్తాన్ నుంచి ఇక వచ్చేస్తున్నామని బైడెన్ ప్రకటించినప్పుడు పొలిటికో పత్రిక, మార్నింగ్ కన్సల్ట్ సంస్థ కలిసి ఓటర్లను అడిగితే నూటికి 69 మంది సై అన్నారు. ఆగస్టులో కాబూల్ తాలిబన్ల వశమయ్యాక మళ్ళీ అడిగితే 49 మంది మిగిలారు. నాలుగు నెలల్లో ఇరవై మంది జారుకున్నారు. యుద్ధం అదే, శత్రువు అదే, అయిన ఖర్చూ అదే. మధ్యలో జరిగిందల్లా, జనం టీవీ పెట్టారు.

చమత్కారానికి అంటున్న మాట కాదిది. ఏబీసీ, సీబీఎస్, ఎన్‌బీసీ అనే మూడు పెద్ద చానళ్ళ సాయంకాలం వార్తలు 2020 మొత్తానికి 14 వేల నిమిషాల పైచిలుకు. అందులో అఫ్ఘానిస్తాన్ వాటా అయిదు నిమిషాలు. రోజుకు కాదండీ, ఏడాదికి. అదీ మూడు చానళ్ళకూ కలిపి. పోనీ ఆ ఏడాది అక్కడ ఏమీ జరగలేదా అంటే, ఫిబ్రవరి 29న దోహాలో తాలిబన్లతో ట్రంప్ ప్రభుత్వం ఒప్పందం చేసుకుంది, 2021 మే 1 కల్లా వెళ్ళిపోతామని సంతకం పెట్టింది. దాదాపు ఇరవై ఏళ్ళ యుద్ధానికి ముగింపు రాసిన ఆ సంతకం కూడా ఆ అయిదు నిమిషాల్లోనే సర్దుకుంది. 2021 ఆగస్టు ఒక్క నెలలో మాత్రం అవే చానళ్ళు 345 నిమిషాలు ఇచ్చాయి. పందొమ్మిదేళ్ళు నిద్రపోయినవాడు లేచీ లేవగానే, నన్నడక్కుండా తెల్లవార్చిందెవరని కేకలేశాడు.

ఆ ఆగస్టు ఆఖరులో ప్యూ పరిశోధన సంస్థ ఇంకాస్త గుచ్చి అడిగింది. వచ్చేయడం సరైన నిర్ణయమేనని 54 శాతం. వచ్చేసిన తీరు బాగుందన్నవాళ్ళు మాత్రం నూటికి పాతిక మంది చిల్లర. అసలు అమెరికా అక్కడ అనుకున్నది సాధించలేకపోయిందని 69 శాతం. మూడూ కలిపి చదవండి. ఓడిపోయాం, వచ్చేయాల్సిందే, కానీ ఓడిపోయి వచ్చేసినట్టు ఉండకూడదు. ఇల్లు ఖాళీ చేస్తాం, సామాను మాత్రం వీధిలోవాళ్ళ కంట పడకూడదన్న బాపతు.

డాలస్‌లో మాకో బావగారున్నారు. అమెరికా పౌరుడు, ఏ ఎన్నికా వదలడు. ఫోన్లో అడిగాను.

"బావగారూ, ఇన్నేళ్ళలో మీ దేశం యుద్ధంలో ఉందని మీకెప్పుడైనా అనిపించిందా?"

కాసేపు ఆలోచించాడు. "ఎయిర్‌పోర్టులో బూట్లు విప్పమన్నప్పుడు అనిపించేదోయ్" అన్నాడు.

"అంతేనా?"

"అంతే మరి. పన్నులేమైనా పెరిగాయా? మా వీధిలో ఎవరి పిల్లాడైనా వెళ్ళాడా?"

ఆయనన్నదాంట్లో తప్పేమీ లేదు. నిర్బంధ సైనిక సేవ 1973లోనే పోయింది. ఇష్టమున్నవాడే వెళతాడు, వెళ్ళినవాడే మళ్ళీ మళ్ళీ వెళతాడు. ఇక ఖర్చంటారా, యుద్ధం వస్తే పన్నులు పెరగడం లోకాచారం. బుష్ గారు 2001లో ఓసారి, రెండు యుద్ధాలు నెత్తిమీదున్న 2003లో మరోసారి పన్నులు తగ్గించారు. యుద్ధమంతా అప్పు చేసి పప్పుకూడే. వియత్నాం నాడు ఇంటింటి కుర్రాడికీ పిలుపు చీటీ వచ్చేది, అందుకే వీధులు నిండాయి. ఈసారి చీటీ రాలేదు, బిల్లూ రాలేదు. వచ్చిందల్లా సర్వే వాళ్ళ ఫోను. అవును, కాదు, చెప్పలేను. మూడింటిలో నిజాయితీగల జవాబు మూడోదే, దాన్ని ఎంచుకున్నవాళ్ళే తక్కువ.

ఆ అప్పు డబ్బు ఎలా ఖర్చయిందో తెలియాలంటే ఒక్క ప్యాంటు గుడ్డ చూస్తే చాలు. 2007లో అఫ్ఘాన్ సైన్యానికి కొత్త యూనిఫాం కావాల్సివచ్చింది. అమెరికా అధికారులు, నాటి అఫ్ఘాన్ రక్షణ మంత్రి అబ్దుల్ రహీం వర్దక్ కలిసి ఇంటర్నెట్‌లో డిజైన్లు తిరగేశారు. మంత్రిగారికి పచ్చటి అడవి డిజైను నచ్చింది. ఆకులూ కొమ్మలూ ఉన్నచోట మనిషి కనపడకుండా ఉండటానికి వేసుకునే రకం. అఫ్ఘానిస్తాన్‌లో అడవి ఎంతయ్యా అంటే, నేల మొత్తంలో రెండు శాతం పైన చిల్లర. మిగిలిందంతా మట్టి రంగు కొండలు, ఎడారి. ఆ గోధుమరంగు గుట్ట మీద పచ్చచొక్కా కుర్రాడు మైలు దూరానికి కనిపిస్తాడు. డిజైను హక్కులు ప్రైవేటు కంపెనీవి కాబట్టి ఖర్చూ ఎక్కువే: మామూలు గుడ్డతో పోలిస్తే 2 కోట్ల 80 లక్షల డాలర్ల వరకూ అదనంగా పోయిందని అమెరికా ప్రభుత్వం నియమించిన తనిఖీ అధికారి జాన్ సోప్కో 2017లో లెక్కతేల్చాడు. ఆయన విమానాల లెక్కా తీశాడు. దాదాపు 55 కోట్ల డాలర్ల పథకం కింద ఇరవై పాత ఇటలీ విమానాలు కొని అఫ్ఘాన్ సైన్యానికిచ్చారు. కొన్నాళ్ళకు అందులో పదహారింటిని తుక్కు కింద అమ్మితే చేతికొచ్చింది 32 వేల డాలర్లు. ఇవన్నీ రహస్య పత్రాలు కావు. అచ్చేసి, జనం ముందు పెట్టిన నివేదికలు. 2019 డిసెంబరులో వాషింగ్టన్ పోస్ట్ పత్రిక అంతకంటే ఘాటైనవి బయటపెట్టింది. గెలుస్తున్నామని పైకి చెబుతూ వచ్చిన అధికారులు లోపల ఏమనుకున్నారో వాళ్ళ నోటి మాటలతోనే వేసింది. దేశం ఒక పూట అయ్యో అనుకుని భోజనానికి లేచింది.

మొదట్లో ఉత్సాహం ఎలా ఉండేదంటే, 2001 నవంబరులో సైన్యాన్ని పంపడం పొరపాటన్నవాళ్ళు గాలప్ సర్వేలో నూటికి తొమ్మిది మంది. 2014 ఫిబ్రవరికి పొరపాటన్నవాళ్ళు 49, కాదన్నవాళ్ళు 48. అభిప్రాయం అలా తిరగడానికి పన్నెండేళ్ళు పట్టింది. నాయకులు అంతకన్నా చురుగ్గా తిరిగారు. 2021 ఏప్రిల్‌లో ట్రంప్, వచ్చేయడం అద్భుతమైన పని, సెప్టెంబరు దాకా ఆగడమెందుకు, మే 1కే రావచ్చుగా అన్నాడు. ఆగస్టు 15న బైడెన్ సిగ్గుతో రాజీనామా చేయాలన్నాడు. బైడెన్ తీరూ తక్కువేమీ కాదు. రాయబార కార్యాలయం కప్పు మీంచి జనాన్ని ఎత్తుకొచ్చే వియత్నాం నాటి సైగాన్ దృశ్యం ఇక్కడ చూడబోరని జూలై 8న హామీ ఇచ్చాడు. అయిదు వారాలకు కాబూల్ కార్యాలయం మీద హెలికాప్టర్లు చక్కర్లు కొట్టాయి.

ఈ యుద్ధం అంతకుముందూ చాలాసార్లు ముగిసింది లెండి. 2003 మే 1న నాటి అమెరికా రక్షణ మంత్రి రమ్స్‌ఫెల్డ్ కాబూల్ వచ్చి పెద్ద పోరు అయిపోయిందన్నాడు. 2014 డిసెంబరులో ఒబామా హయాంలో పోరాట కార్యక్రమం ముగిసిందని జెండా మడిచారు. మర్నాటి నుంచి పేరు మార్చి కానిచ్చారు. అలా ముగిసినప్పుడల్లా ఎవరికీ కోపం రాలేదు, ఎందుకంటే అందరూ తిరిగి రాలేదు.

అసలు యుద్ధం ఎవరింట్లో జరిగిందో వాళ్ళనూ అడగాలి కదా. 2010లో ఒక అంతర్జాతీయ సంస్థ హెల్మాండ్, కాందహార్‌లలో వెయ్యి మంది మగవాళ్ళను కదిపి చూసింది. న్యూయార్క్‌లో జంట భవనాల మీద 2001 సెప్టెంబరు 11న జరిగిన దాడి గురించి చెప్పి, విన్నారా అని అడిగితే నూటికి 92 మంది వినలేదన్నారు. తొమ్మిదేళ్ళుగా ఆకాశంలోంచి బాంబులు ఎందుకు పడుతున్నాయో ఒకరికి తెలియదు, వేస్తున్నామన్న సంగతి ఇంకొకరికి గుర్తులేదు. బ్రౌన్ విశ్వవిద్యాలయం లెక్క ప్రకారం ఇరవై ఏళ్ళలో పోయిన అఫ్ఘాన్ మామూలు జనం 46 వేల పైచిలుకు, అమెరికా సైనికులు 2,300 పైచిలుకు. కాబూల్ పడిన వారంలో మన ఉస్మానియాలో చదువుకుంటున్న అఫ్ఘాన్ పిల్లలు ఇంటి కబురు కోసం ఫోన్లు పట్టుకు కూర్చున్నారు. వాళ్ళు ఏ సర్వే లెక్కలోకీ రారు.

సర్వేలు లేకుండా అభిప్రాయం చెప్పిన మనిషి ఒకావిడ ఉంది. 2001 సెప్టెంబరు 14న అధ్యక్షుడికి బలప్రయోగ అధికారం కట్టబెట్టే తీర్మానం వచ్చింది. సెనేట్‌లో 98-0. ప్రతినిధుల సభలో 420-1. ఆ ఒక్కరూ కాలిఫోర్నియా సభ్యురాలు బార్బరా లీ. సంతకం పెట్టేముందు ఎక్కడికి, ఎన్నాళ్ళు అని అడగడమే ఆమె చేసిన నేరం. చంపేస్తామన్న బెదిరింపులతో కొన్నాళ్ళు పోలీసు కాపలాలో తిరగాల్సి వచ్చింది. ఆ తీర్మానంలో అసలు పనికొచ్చే వాక్యం అరవై మాటలు. అందులో అఫ్ఘానిస్తాన్ పేరు లేదు, గడువు లేదు. తర్వాత యెమెన్, సోమాలియా, సిరియా దాడులకూ దాన్నే చూపించారు.

2021 ఆగస్టు 30 రాత్రి 11 గంటల 59 నిమిషాలకు ఆఖరి సీ-17 విమానం కాబూల్ వదిలింది. ఆ అరవై మాటలను మాత్రం ఇప్పటికీ ఎవరూ రద్దు చేయలేదు.