డ్యాష్‌బోర్డు దీప శాస్త్రం

బల్లి భుజం మీద పడితే ఏం ఫలమో, మోకాలి మీద పడితే ఏం ఫలమో పంచాంగంలో పట్టిక వేసి మరీ చెప్పారు పెద్దలు. బండి తాళం తిప్పగానే ముక్కు ముందు వెలిగే దీపాల ఫలితం మాత్రం ఏ సిద్ధాంతీ రాయలేదు. కంపెనీ వారిచ్చిన పుస్తకంలో ఉంది కదా అంటారేమో! దాని ప్లాస్టిక్ కవరు విప్పినవాడు నేటివరకు మా కంటబడలేదు. కావున లోకహితార్థం ఈ శాస్త్రం.

వర్ణ నిర్ణయం: ఆకుపచ్చ దీపం సమాచారం, పసుపు హెచ్చరిక, ఎరుపు ఆజ్ఞ. హైబీమ్ వేస్తే నీలం వెలుగుతుంది. అది ఎదుటివాడి కళ్ల బాధ గనుక మనవాళ్లు పట్టించుకోరు. పసుపు మనకు శుభకరం. అందుకే పసుపు దీపంతో ఆర్నెల్లు తిరగడం ఆచారమైంది.

లక్షణ ప్రకరణం: చుక్క కారుతున్న ఎర్ర కమండలం ఇంజన్ ఆయిల్‌కు సంబంధించినది. ఆయిల్ ఎంత ఉందో అది చెప్పదు, ఒత్తిడి పడిపోయిందని చెబుతుంది. అది వెలిగాక కూడా ‘ఇంటిదాకా లాగించేద్దాం’ అన్నవాడి ఇంజన్ దారిలోనే సీజ్ అవుతుంది.

వలయంలో ఆశ్చర్యార్థకం ఉన్న ఎర్ర దీపం ద్వ్యర్థి. పింగళి సూరన ‘రాఘవపాండవీయం’లో ఒకే పద్యం రామాయణమూ భారతమూ అయినట్టు, ఇది హ్యాండ్ బ్రేక్ లాగి ఉన్నా వెలుగుతుంది, బ్రేక్ ఆయిల్ తగ్గినా వెలుగుతుంది. రసికుడైన యజమాని ఎప్పుడూ మొదటి అర్థమే తీసుకుంటాడు. హ్యాండ్ బ్రేక్ దించినా ఆరకపోతే రెండో అర్థాన్ని అనుమానించాలి. ప్యాడ్లు అరిగేకొద్దీ డబ్బాలో ఆయిల్ కిందికి దిగుతుంది. ‘ఆయిల్ పోశాను సార్, లైటు ఆరిపోయింది’ అని మెకానిక్ చేతులు తుడుచుకున్నంత మాత్రాన అరిగిన ప్యాడ్లు మందమెక్కవు.

కాల నిర్ణయం: సొంత కారుకు రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లు, ఆ తర్వాత అయిదేళ్లకోసారి పరీక్ష. లారీలకు, బస్సులకు, ట్యాక్సీలకు ఎనిమిదేళ్ల వయసు దాకా రెండేళ్లకోసారి, ఆపైన ఏటేటా ఫిట్‌నెస్ సర్టిఫికెట్ (ఎఫ్‌సీ). మన రెండు రాష్ట్రాల్లో స్కూలు బస్సుల ఎఫ్‌సీ మే 15తో ముగుస్తుంది. బడులు తెరిచేలోగా మళ్లీ పరీక్షకు వెళ్లడమే వాటికి పుష్కరం. ఆ రోజుల్లో అగ్నిమాపక సిలిండరు, ప్రథమ చికిత్స పెట్టె ఒక బస్సులోంచి ఇంకో బస్సులోకి తీర్థయాత్ర చేస్తాయి.

శాంతి ప్రకరణం: ఇంజన్ బొమ్మ ఉన్న పసుపు దీపానికి దోషశాంతి ఇలా చెప్పబడింది. పరీక్షకు ముందురోజు పదో నంబరు స్పానర్‌తో బ్యాటరీ నెగెటివ్ టెర్మినల్ విప్పి, ఒక చాయ్ తాగి, తిరిగి బిగించవలెను. చాలా బండ్లలో కంప్యూటర్ జ్ఞాపకం చెరిగి దీపం ఆరుతుంది. లోపం చెరగదు గనుక కొన్ని ప్రయాణాల తర్వాత మళ్లీ వెలుగుతుంది. నడుమ ఉన్న ఆ కాస్త వ్యవధికే ఫిట్‌నెస్ ముహూర్తమని పేరు.

పూర్వపక్షం: ‘అసలు బల్బే పీకేస్తే?’ అని కొందరు షెడ్డు పండితులు వాదిస్తారు.

సిద్ధాంతం: తాళం తిప్పాక, ఇంజన్ అందుకోకముందు, ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్, ఇంజన్ దీపాలు ఓసారి వెలిగి తీరాలి. తాము బతికే ఉన్నామని అవి ఇచ్చే హాజరు అది. కాబట్టి పీకేసినవాడు గైర్హాజరు దగ్గరే దొరికిపోతాడు. ఆరని దీపం జబ్బును చెబుతుంది. వెలగని దీపం యజమాని గుణాన్ని చెబుతుంది.

ఇక తారతమ్య విచారణ. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ గారు ఏడాదికో రెండేళ్లకో ఒక పూట చూస్తారు. ఆ పూటకు బండి కడిగి, రేడియం స్టిక్కర్లు అంటించి, హారన్ సరిచేసి తీసుకెళ్తాం. దీపం మాత్రం తాళం తిప్పిన ప్రతిసారీ తనిఖీ చేస్తుంది. స్లాటు అక్కర్లేదు, ఫీజు లేదు. ఊరికే దొరికే మాట గనుకనే దానికి విలువ లేకపోయింది.

ఫలశ్రుతి: ఈ శాస్త్రమును చదివినవారికి ఎఫ్‌సీ దొరుకును. ఆచరించినవారికి బ్రేకు పడును.