బండ మీద నీళ్ళగన్ను

కురబలకోటలో నీళ్ళు కింద ఉంటాయి, బండలు పైన ఉంటాయి. ఈ రెండింటినీ ఒకచోట చేర్చడానికి మా పెద్దలు తరతరాలుగా తంటాలు పడ్డారు. వెయ్యి అడుగుల బోరు వేసినా దుమ్ము లేచే నేల ఇది. రైలు స్టేషను వచ్చింది, అంగళ్ళులో ఇంజనీరింగు కాలేజీ వచ్చింది, జిల్లా పేరు 1911లో కడప నుంచి చిత్తూరుకూ, 2022లో చిత్తూరు నుంచి అన్నమయ్యకూ మారింది. బండ మాత్రం కదల్లేదు. ఈ ప్రాంతపు రాతి వయసు దాదాపు 250 కోట్ల ఏళ్ళని భూగర్భ శాస్త్రం చదివినవాళ్ళు చెబుతారు. అన్నేళ్ళుగా దాన్ని ఎవరూ సరిగ్గా కడగలేదన్న సంగతి మా బావమరిదికి సంక్రాంతి ముందు తట్టింది.

ఊరి వెనక గుట్ట మీద ఒక గుడి ఉంది. పేరు చెప్పను, కమిటీవాళ్ళు నొచ్చుకుంటారు. దారిలో సగం మెట్లు, సగం ఉత్త బండ. నవంబరు, డిసెంబరు వానలకు ఆ బండ పాచి పడుతుంది. పండగనాడు పొంగలి గిన్నెలతో ఎక్కేవాళ్ళు ఆ బండ దగ్గరికి రాగానే దేవుణ్ణి తలుచుకుంటారు. గుడి చేరేదాకా ఆగరు. కమిటీ కూర్చున్నప్పుడు మా బావమరిది లేచి, ప్రెజర్ వాషర్ తెద్దామన్నాడు. అందరూ తలలూపారు. మా కమిటీలో ఖర్చు లేని పని అదొక్కటే.

అంగళ్ళు దగ్గర ఒక వాటర్ సర్వీసు షాపు ఉంది. మదనపల్లె మార్కెట్టుకు టమాటాలు తోలి వచ్చే బండ్లు అక్కడ ఒళ్ళు కడుక్కుంటాయి. షాపతను పెట్రోలు మిషను బాడుగకు ఇస్తూ, "200 బార్ అన్నా, నిమిషానికి 15 లీటర్లు" అన్నాడు. మా బావమరిది ఆ అంకెలను కట్నం వివరాలు విన్నంత శ్రద్ధగా విన్నాడు గానీ, అర్థం మాత్రం అడగలేదు. అందుకని ఆ లెక్క నేను కట్టాను.

200 బార్ అంటే రెండు కిలోమీటర్ల ఎత్తున నీటిని నిలబెట్టగల ఒత్తిడి. మదనపల్లె సముద్ర మట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉంది, హార్స్‌లీ కొండ 1265 మీటర్లు. తేడా ఐదొందల చిల్లర. అంటే ఒత్తిడి మాట వరకూ చూసుకుంటే, బాడుగ మిషను కింద నుంచి నీళ్ళను హార్స్‌లీ కొండ మీదికి ఎక్కించి, ఇంకా రెండు హార్స్‌లీ కొండలు ఎక్కడున్నాయని అడుగుతుంది. ఆ ఒత్తిడికి సన్న రంధ్రంలోంచి దూకే నీటి వేగం సెకనుకు 200 మీటర్ల దాకా ఉంటుంది, గంటకు 720 కిలోమీటర్లు. మా ధర్మవరం–పాకాల లైను రైళ్ళకు ఈ సంగతి చెప్పకండి, చిన్నబోతాయి.

నీళ్ళు అంత వేగంగా ముందుకు పోతుంటే గన్ను ఊరుకోదు, వెనక్కి తంతుంది. 15 లీటర్ల నీళ్ళకు ఆ తన్ను దాదాపు ఐదు కిలోల బరువుతో సమానం. సంతలో ఎవడో ఐదు కిలోల టమాటా సంచిని మన గుండెలకు ఆనించి ఆపకుండా తోస్తున్నట్టు ఉంటుందన్నమాట. చదును నేల మీద అదొక లెక్క కాదు. కారు కడిగేవాడు కాస్త ముందుకు వంగితే సరిపోతుంది. ఏటవాలు బండ మీద, కాలికింద పాచి ఉంటే, ఐదు కిలోలు చాలు. మా ఊళ్ళో అందరూ గన్నును చూసి భయపడ్డారు, వాలును చూసి ఎవరూ భయపడలేదు. గన్నుకైతే ట్రిగ్గర్ ఉంది, వదిలేస్తే ఆగుతుంది. వాలుకు అట్లాంటి ఏర్పాటేమీ లేదు.

ఈ సూత్రం భౌతిక శాస్త్రం చదవని మా మేనత్తకు నా కంటే ముందే తెలుసు. ఆమే మా అత్తగారు కూడా, కాబట్టి బావమరిది ఆమె సొంత కొడుకే. వాడు బండ కింద నిలబడి పైకి గురిపెట్టగానే మెట్ల మీద నుంచి కేకేసింది.

"ఒరే, నీకేమన్నా తిక్కా? పల్లంలో నిలబడి మిట్టకు కొడతావేమి?"

"ఏమైతాది మా?"

"గడ్డిమోపు మోసినోళ్ళను అడుగు ఏమైతాదో. ఒళ్ళు మిట్టవైపు వాలాల. పల్లంవైపు వాలినావంటే మోపే నిన్ను మోసుకోని పోతాది."

ఇంతకంటే బాగా న్యూటన్ కూడా చెప్పలేదు. కింద నిలబడి పైకి కొడితే గన్ను మనల్ని పల్లంవైపు తోస్తుంది. పైగా కరిగిన పాచి అంతా పాదాల కిందికే వస్తుంది. పైన నిలబడి కిందికి కొడితే గన్ను మనల్ని కొండవైపే తోస్తుంది. మహా అయితే కూలబడతాము. పై నుంచి మొదలుపెట్టి, కడిగిన చోట నిలబడుతూ కిందికి దిగాలి. కడిగిన బండ తడిగా ఉన్నా గరుకుగా పాదాన్ని పట్టుకుంటుంది, కడగని పాచి తడిస్తే ఎవరినీ పట్టుకోదు. నడుముకు ఒక తాడు, ఆ తాడుకు పైన ఒక గట్టి చెట్టు ఉంటే ఇంకా మంచిది. తాడును చెట్టుకు కట్టాలి గానీ, "నేను పట్టుకుంటాలే మామా" అనే కుర్రాడి చేతికి ఇవ్వకూడదు. వాడికి మధ్యలో ఫోను వస్తుంది.

మిషనును పైకి చేర్చడానికి నలుగురు పట్టారు. బండ మీద పెట్టి తాడు లాగితే ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. పెట్రోలు ఉంది, ప్లగ్గు బాగానే ఉంది. చుట్టూ జనం చేరారు. జిడ్డు కృష్ణమూర్తి 1895లో మదనపల్లెలో పుట్టి, ఏదీ ఎంచకుండా ఊరికే గమనించడం గురించి ప్రపంచమంతా తిరిగి చెప్పారు. ఆయన పెట్టిన రిషీవ్యాలీ బడి మాకు పక్కనే. ఆ ప్రభావమో ఏమో, మా ఊళ్ళో ఎవరైనా పని చేస్తుంటే గమనించేవాళ్ళకు కొదవ లేదు. కాకపోతే ఆయన గమనించమన్నారే గానీ సలహా ఇవ్వమనలేదు. ఒకరు కార్బురేటర్ విప్పమన్నారు, ఒకరు టెంకాయ కొట్టమన్నారు. వచ్చిన ప్రతివాడూ స్టార్టర్ తాడును తన భుజబలం కొద్దీ ఒకసారి లాగి చూశాడు.

చివరికి ట్రాక్టరు మెకానిక్కు ఒకతను వచ్చి, ఇంజనును చూడకుండా దాని కింది నేలను చూశాడు. ఈ చిన్న ఇంజన్లలో ఆయిలు అడుగున ఉండి, లోపలి భాగాలు దాన్ని చిలకరించుకుంటూ తిరుగుతాయి. మిషను బాగా ఒరిగితే ఆయిలంతా ఒక మూలకు పోతుంది. ఆయిలు తగ్గిందని సెన్సరు గుర్తుపట్టి ఇంజనును ఆపేస్తుంది. సెన్సరు లేనిదైతే ఆగకుండా తిరిగి, ఏకంగా కాలిపోతుంది. అంటే అప్పటికి ఆ గుట్ట మీద వాలు సంగతి పట్టించుకున్నది మా మేనత్త తర్వాత ఆ సెన్సరే. మెకానిక్కు రాళ్ళు పేర్చి చదును చేసి, చక్రాలను వాలుకు అడ్డంగా తిప్పి, రెండు పక్కలా రాళ్ళు అడ్డు పెట్టాడు. ఒక్క లాగుకు స్టార్టయింది.

నీళ్ళ సంగతి వేరే. పంపుకు నీళ్ళు నిండుగా, ఆగకుండా అందాలి. లేకపోతే ఉత్త గాలి తాగి లోపలి సీళ్ళు పాడు చేసుకుంటుంది. అందుకని డ్రమ్మును మిషను కంటే ఎగువన పెట్టి, గుట్ట కింద ట్యాంకరు నుంచి మోటారుతో డ్రమ్ము నింపారు. 200 లీటర్ల డ్రమ్ము పదమూడు నిమిషాల్లో ఖాళీ. బిందె నీళ్ళకు కొట్లాడుకున్న రోజులు మా మేనత్త మరచిపోలేదు. "బండకు తలంటు పోస్తాండారు, నాకు మాత్రం అర బకెట్టు చాలంటారు" అని కోడలికి వినబడేలా అంది. కోడలు తెలివైనది, మిషను శబ్దానికి ఏమీ వినబడలేదంది.

తర్వాత బూట్ల సమస్య. పట్టు ఉండే రబ్బరు బూట్లు వేసుకోమని షాపతను మరీమరీ చెప్పాడు. గుడి బండ మీదికి చెప్పులతో రాకూడదని పూజారి అన్నాడు. ఉత్త కాళ్ళతో వద్దని నేను వాదించాను. ఆ నీళ్ళు చర్మాన్ని తెంచగలవు, గులకరాళ్ళను ఎగరగొట్టగలవు. కళ్ళద్దాలు పెట్టుకోమన్నదీ అందుకే. పూజారి కాసేపు ఆలోచించి, బూట్లకు శుద్ధి చేసి పసుపు నీళ్ళు చల్లితే దోషం లేదని తీర్పు ఇచ్చాడు. మా బావమరిది వెంటనే బూట్లు తొడుక్కుని, వాటి శుద్ధి కోసం గన్నును తన పాదాల మీదికే తిప్పబోయాడు. మెకానిక్కు వాడి మణికట్టు పట్టుకుని ఆపాడు.

ఇక్కడ నవ్వడానికి ఏమీ లేదు. ఆ నీళ్ళు బూటును చీల్చి చర్మంలోకి దూరగలవు. బయట సూది పొడిచినంత గాటే కనబడుతుంది, నొప్పి కూడా మొదట్లో పెద్దగా ఉండకపోవచ్చు. లోపల మురికినీళ్ళు కండ పొరల్లోకి పాకిపోయి ఉంటాయి. కొన్ని గంటలు ఆలస్యమైతే వేలో చెయ్యో పోయే ప్రమాదం ఉంది. పసుపు పెట్టి ఇంట్లో కూర్చోకుండా ఆస్పత్రికి పోయి, "గాటు" అనకుండా "ప్రెజర్ గన్ తగిలింది" అనే చెప్పాలి. డాక్టరు దాన్ని చిన్న దెబ్బగా చూడరు. అట్లాగే ఇంజను ఆపాక కూడా పైపులో ఒత్తిడి దాక్కుని ఉంటుంది. ట్రిగ్గర్ నొక్కి దాన్ని వదిలేశాకే నాజిల్ విప్పాలి. పండగకని కట్టిన సీరియల్ సెట్ల వైర్లకు టేపు చుట్టిన అతుకులు ఉంటాయి కాబట్టి ముందు మెయిను ఆపాలి. ఇవన్నీ షాపతను చెప్పినవే. మా బావమరిది అప్పుడు సెల్ఫీ తీసుకుంటున్నాడు.

మధ్యాహ్నానికి బండ సగం తెల్లబడింది. నిజం చెప్పాలంటే అద్భుతంగా ఉంది. ఇది ప్రపంచంలో కొత్త పనేమీ కాదు. అమెరికాలో రష్‌మోర్ కొండ మీద చెక్కిన నలుగురు అధ్యక్షుల ముఖాలను 2005లో జర్మనీకి చెందిన కార్చర్ కంపెనీ వేడినీళ్ళ ప్రెజర్ వాషర్లతోనే కడిగింది. ఒక్కో ముఖం 18 మీటర్ల ఎత్తు. అక్కడ మనుషులు తాళ్ళకు వేలాడుతూ వాషింగ్టన్ గారి ముక్కు మీద లైకెన్లు వదిలించారు. ఈ సంగతి మా బావమరిదికి చెప్పడం నా ఉద్దేశంలో మంచిదే. కానీ విన్న తర్వాత వాడి చూపు బండ మీద ఆగలేదు, గుడి గోడ మీద పడింది.

నాజిళ్ళకు రంగులు ఉంటాయి. తెలుపుది 40 డిగ్రీలు విచ్చుకుంటుంది, ఆకుపచ్చ 25, పసుపు 15. ఎరుపు అసలు విచ్చుకోదు, గీత గీసినట్టు ఒక్కచోటే దిగుతుంది. నలుపు సబ్బు నీళ్ళకు. మా బావమరిది గుడి పని కదా అని నలుపును దూరం పెట్టాడు. కుంకుమ రంగు శుభమని ఎరుపు బిగించాడు. గోడ మీద సున్నం, కావి పట్టీలు పెచ్చులుగా లేచాయి. అదయినా పరవాలేదు, పండక్కి ఎట్లాగూ సున్నం కొడతారు. తర్వాత వాడు దాతల పేర్ల రాతిపలకను శుభ్రం చేశాడు.

చెక్కిన అక్షరాలు ఎక్కడికీ పోలేదు. వాటిలో నింపిన నల్లరంగు మాత్రం శుభ్రంగా పోయింది. 1116 రూపాయలు ఇచ్చినవాళ్ళూ, సిమెంటు బస్తాలు ఇచ్చినవాళ్ళూ, ఏమీ ఇవ్వకుండా పేరు వేయించుకున్నవాళ్ళూ అందరూ ఒక్క రంగులో కలిసిపోయారు. బండ మీద ఎవరైనా జారి పడినప్పుడు రాని జనం ఆ సాయంత్రం గుట్ట ఎక్కారు. ఒక పెద్దాయన తన పేరు మీద వేలు ఆనించి తడిమి చూసుకుని, ఉందని తేలాక గానీ మంచినీళ్ళు తాగలేదు.

మరునాడు మదనపల్లె నుంచి పెయింటరును పిలిపించారు. అక్షరానికి ఇంత అని బేరం. ఖర్చు మా బావమరిది నెత్తిన పడింది. అవకాశం దొరికింది కదా అని దాతలు ఇంటిపేర్లకు పొడి అక్షరాలు వద్దు, పూర్తిగా రాయమన్నారు. ఒకాయన పేరు పక్కన బి.ఏ. చేర్చమన్నాడు. చెక్కని అక్షరానికి రంగు ఎట్లా నింపాలని పెయింటరు వాపోయాడు. చివరికి బ్రష్షు, రంగు డబ్బా తీసుకుని పలక దగ్గరికి వచ్చి, ఆ వాలు మీద ఎక్కడ కూర్చోవాలని అడిగాడు. మా మేనత్త నోరు తెరిచే లోపలే, అక్కడున్న వాళ్ళమంతా ఒక్కసారిగా మిట్టవైపు చూపించాము. మా బావమరిది కూడా.