చివరి స్థానం నాది

నేనొక మెరుపు జాకెట్‌ని. ట్రాఫిక్ పోలీసులు తొడుక్కునే రకం. వీపు మీద ‘టెయిల్ వాకర్’ అని రాసి ఉంటుంది. అందరికన్నా వెనక నడిచే వాలంటీరు నన్ను వేసుకుంటారు. లండన్ శివారులోని బుషీ పార్కు నా ఊరు. ప్రతి శనివారం ఉదయం 9 గంటలకు ఇక్కడ 5 కిలోమీటర్ల ‘పార్క్‌రన్’ ఉంటుంది. రుసుము లేదు, గడువూ లేదు. వందల మంది ముందుకు ఉరికాక నా కొలువు మొదలవుతుంది.

మా వంశచరిత్ర చెప్పాలి. 2004లో పాల్ సింటన్-హ్యూవిట్ అనే రన్నర్ గాయపడి పరుగుకు దూరమయ్యాడు. స్నేహితులకు మాత్రం దూరం కాలేక, అక్టోబర్ 2న వాళ్లను ఈ పార్కుకు పిలిచి, పరుగు సమయాలు తానే చూశాడు. ఆ రోజు పరుగెత్తినవాళ్లు 13 మంది. తొలి రోజుల్లో గమ్యం చేరినవాళ్ల చేతికి అంకెలు కొట్టిన ఇనుప వాషర్లు ఇచ్చేవారు. పరుగెత్తలేని మనిషి మొదలుపెట్టిన ఆ పరుగు ఇప్పుడు ఎన్నో దేశాలకు పాకింది.

నా దగ్గరికి వచ్చేవాళ్లందరిదీ ఒకటే భయం. ఒక శనివారం, హౌన్స్‌లో అనే ప్రాంతం నుంచి వచ్చిన ఒక గుంటూరు అమ్మాయి చెట్ల చాటున నిలబడి, వెనక్కి వెళ్లిపోదామా అని చూస్తోంది. ఆ వారం నన్ను వేసుకున్నది ఖమ్మం వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన ఒక పెద్దావిడ. ఆ అమ్మాయిని పలకరించి వెంటబెట్టుకుంది. కాస్త దూరానికే అమ్మాయికి ఆయాసం వచ్చింది.

“అక్కా, మీరు వెళ్లండి. నాకోసం ఆగకండి.”

“నేనొచ్చిందే ఆగడానికమ్మా.”

“అందరిలో చివర నేనే వస్తానేమో!”

“ఎట్లా వస్తావ్? ఆ స్థానం నాది. ఫలితాల్లో ఆఖరి పేరు నాదే ఉంటుంది.”

అది ఓదార్పు మాట కాదు, ఇక్కడి పద్ధతి. టెయిల్ వాకర్ అందరి తర్వాతే గీత దాటాలి. ఆ సంగతి తెలిశాక అమ్మాయి భుజాలు తేలికపడ్డాయి. ఒక నిమిషం పరుగు, ఒకటిన్నర నిమిషం నడక అని పెద్దావిడ లెక్క చెప్పింది. జోష్ క్లార్క్ 1996లో తయారుచేసిన ‘కౌచ్ టు 5కె’లో మొదటి వారం పాఠం అదే. “పరుగెత్తుతూ నాతో ఒక వాక్యం పూర్తిగా మాట్లాడగలగాలి. మాట తెగితే వేగం తగ్గించు,” అంది. జింకలు మేసే పచ్చిక పక్కగా, గుంటూరు ఎండల గురించి, కొత్త ఉద్యోగం గురించి మాట్లాడుకుంటూ ఇద్దరూ గమ్యం చేరారు. అక్కడ వాలంటీర్లు ఇంకా నిలబడే ఉన్నారు, చప్పట్లు కొడుతున్నారు.

ఆ అమ్మాయి మళ్లీ వచ్చింది. వేగం పెద్దగా పెరగలేదు. కానీ ఇప్పుడు చెట్ల చాటుకు పోవడం లేదు, గుంపు మధ్యలో నిలబడి పక్కవాళ్లను పలకరిస్తోంది. ధైర్యం కాళ్లకన్నా ముందే వచ్చింది.

నేను గర్వపడే లెక్క ఒకటుంది. 2005లో పార్క్‌రన్ పూర్తిచేయడానికి సగటున 22 నిమిషాలు పట్టేది. తర్వాతి ఏళ్లలో ఆ సగటు 30 నిమిషాలు దాటిపోయింది. పరుగు తమ వల్ల కాదనుకుని ఇంట్లో ఉండిపోయినవాళ్లు బయటికొచ్చారని దాని అర్థం. 2018లో బ్రిటన్‌లోని కుటుంబ వైద్యుల సంస్థ కూడా పార్క్‌రన్‌తో చేయి కలిపి, వ్యాయామం అవసరమైనవాళ్లను ఇటు పంపమని వైద్యులను ప్రోత్సహించింది.

హైదరాబాద్ కె.బి.ఆర్. పార్కు దగ్గరైనా, విశాఖ బీచ్ రోడ్డు మీదైనా, కలిసి పరుగెత్తేవాళ్లకు నా విన్నపం ఒక్కటే. కొత్తవాళ్లకు వేగం గురించి పాఠాలు తర్వాత చెప్పండి. ముందు మీలో ఒకరు వెనక నడవండి, చివరి మనిషి వచ్చేదాకా మిగతావాళ్లు ఉండండి. తనకోసం ఎవరో ఆగుతారన్న నమ్మకం కుదిరిన మనిషి వచ్చే వారం తప్పకుండా వస్తాడు. అలా వస్తూ ఉండగానే పరుగు కూడా వస్తుంది.