ఘాటీ ఎక్కిన వంటిల్లు

ఆస్ట్రేలియాలో పోర్ట్ ఆగస్టా నుంచి డార్విన్ దాకా స్టూవర్ట్ హైవే మీద పిల్లాపాపలతో కారవాన్‌లో పోయేవాళ్లు పొయ్యి, మంచం, నీళ్ల ట్యాంకు వెంట తీసుకుపోతారంటే అర్థముంది. ఆ దారి 2,700 కిలోమీటర్ల పైమాటే. అందులో గ్లెండాంబో దాటాక కూబర్ పీడీ వచ్చేదాకా, దాదాపు 250 కిలోమీటర్లు, ఎర్రమట్టి తప్ప ఏమీ ఉండదు.

విశాఖపట్నం నుంచి అరకు 115 కిలోమీటర్లు. పెందుర్తి, కొత్తవలస, ఎస్.కోట... బండి ఎక్కడ ఆపినా వేడివేడి ఇడ్లీ, పెసరట్టు, టీ. అయినా ఉక్కునగరం క్వార్టర్ ముందు ఆగిన టెంపో ట్రావెలర్‌లోకి ఎక్కుతున్న సామాను చూస్తే, ఈ కుటుంబం కూబర్ పీడీకే బయల్దేరిందేమో అనిపించక మానదు. మనవైపు కారవాన్ అంటే సినిమా హీరో షాట్‌కీ షాట్‌కీ మధ్య సేదతీరే బండి. సంసారులకు ట్రావెలరే గతి.

అందులోకి ముందు ఎక్కింది మనుషులు కాదు, పులిహోర. మూత జారకుండా పాత చీర ముక్కతో గిన్నెకు అడ్డంగా, నిలువుగా కట్టి, రెండు సీట్ల మధ్య బియ్యం సంచి ఆనించి కూర్చోబెట్టారు. దాని వెనకే పెరుగన్నం, ఇడ్లీలు, కారప్పొడి సీసా, జంతికల డబ్బా, మాడుగుల హల్వా, ఫ్లాస్కులు, చాప, చిన్న గ్యాస్ పొయ్యి. "దారిలో ఏదైనా తిందాంలెండి" అని హైదరాబాద్ అల్లుడు నోరు జారాడు.

"బయట ఏ నూనె వాడతారో ఏటో బాబూ" అంది మామ్మ. పెసరట్టు ప్రసక్తి అక్కడితో ముగిసింది.

తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరాలని వాట్సాప్ గ్రూపులో ఏకగ్రీవ తీర్మానం. బండి కదిలింది మాత్రం తొమ్మిదికి ఐదు నిమిషాలుందనగా. అదైనా శనివారం రాహుకాలం తొమ్మిదికి మొదలవుతుంది కాబట్టి. తెలుగు కుటుంబాన్ని గుమ్మం దాటించడంలో అలారం గడియారం చేతకానిది, పంచాంగం చేసి చూపిస్తుంది. టైర్ల కింద నిమ్మకాయలు చితికాయి. సింహాచలం కొండ కనపడగానే చేతులన్నీ అప్పన్నకు జోడయ్యాయి. పెందుర్తి దాటకముందే ఇడ్లీల మూట విప్పారు.

డ్రైవరు పక్క సీటుకు ఇద్దరు హక్కుదారులు. అల్లుడిది మర్యాద హక్కు, పెద్దాయన చెల్లెలిది కడుపులో తిప్పుడు హక్కు. ఎస్.కోట దాకా మర్యాదే నెగ్గింది. ఘాట్ రోడ్డు మొదలై, "ఘాటీలో ఏసీ వేస్తే బండి లాగదు సార్" అని డ్రైవరు మీట నొక్కేసరికి రెండో హక్కు ముందుకొచ్చింది. మిగిలిన నిమ్మకాయలు ముక్కుల దగ్గరికి చేరాయి. పొట్ట మీద న్యూస్ పేపరు పెట్టుకుంటే వాంతి రాదని ఒకరు సలహా ఇచ్చారు. పేపరు వేరే పనికి ఉపయోగపడింది.

టైడా దగ్గర పెద్దాయన "ఆపు, ఆపు!" అని కేకేశాడు. వాంతేమోనని డ్రైవరు సడెన్ బ్రేకు వేశాడు. కాదు, గూడ్సు బండి. కొత్తవలస-కిరండూల్ రైలు మార్గం మీద బైలదిల్లా గనుల నుంచి ఎర్రదుమ్ము కొట్టుకున్న వ్యాగన్లు వరసగా దిగివస్తున్నాయి. స్టీల్‌ప్లాంట్‌లో రిటైరైన మనిషికి ఆ దృశ్యం ముందు అరకు లోయ ఏపాటి? ఈ లైను 1960లలో జపాన్‌కు ఇనుప ఖనిజం పంపడానికి వేశారనీ, కొండల్ని తొలిచి 58 సొరంగాలు తవ్వారనీ, ఆ ఖనిజాన్ని పెద్ద ఓడలకెత్తడానికే విశాఖ పోర్టుకు ఔటర్ హార్బర్ కట్టారనీ పిల్లలకు చెప్పడం మొదలుపెట్టాడు. అక్కణ్ణించి స్టీల్‌ప్లాంట్‌కు సొంత గని లేకపోవడం అనే పాత బాధలోకి, దాన్నుంచి బ్లాస్ట్ ఫర్నేసుల పేర్లలోకి వెళ్లాడు. "మొదటిది గోదావరి, రెండోది కృష్ణ, మూడోది అన్నపూర్ణ..."

"అన్నపూర్ణకి ఆకలేస్తోంది తాతయ్యా" అన్నాడు మనవడు. పులిహోర ముడి విప్పక తప్పలేదు.

బొర్రా గుహల్లో సున్నపురాతిని నీరు కరిగించి, బొట్టుబొట్టుగా కార్చి, వేల ఏళ్లపాటు ఓపిగ్గా చేసిన పనిని గైడు టార్చిలైటు పావుగంటలో తేల్చేసింది. ఇదిగో శివపార్వతులు, ఇదిగో తల్లీబిడ్డ, ఇదిగో మనిషి మెదడు. గైడు ఏ పేరు చెబితే కంటికి అదే కనిపించడం ఈ గుహల అసలు మహిమ. వాటి పైనుంచే రైలు పోతుందని తెలిసి పెద్దాయన తల పైకెత్తాడు. అలాగే నిలబడ్డాడు. బయట అదే సమయానికి ఓ కోతి జంతికల డబ్బా మూత తీస్తోంది. మూత తిప్పి తీయాలని దానికెవరు నేర్పారో తెలియదు.

అరకులో కాఫీ గురించి అల్లుడు ఉపన్యసించాడు. గిరిజన రైతులు మిరియపు తీగలు పాకిన చెట్ల నీడన పండిస్తారట, 2019లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చిందట. మామ్మ రెండు గుక్కలు తాగి, బాగానే ఉందని ఒప్పుకుని, మిగతాది ఆయనకే ఇచ్చి, ఫ్లాస్కు మూత తిప్పింది. బొంగు చికెన్ విషయంలో మాత్రం ఆమె సడలింపు ఇచ్చింది. మసాలా పట్టించిన ముక్కల్ని పచ్చి వెదురు బొంగులో కూరి, ఆకుతో మూతి బిగించి, నిప్పుల మీద కాలుస్తారు. నూనె చుక్క పడదు. నూనే లేనప్పుడు ఏ నూనె అన్న ప్రశ్నే లేదు కదా.

రాత్రి అసలు గొడవ. ఇంతదూరం వచ్చాక బైలదిల్లా చూడకుండా ఎలా అని పెద్దాయన. అరకు దాకే మాట్లాడుకున్నామని డ్రైవరు. ఎన్నో వేతన ఒప్పందాలు చూసిన పెద్దాయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. నైట్ హాల్ట్, బత్తా, కిలోమీటరు రేటు, ఒడిశా పర్మిట్ ట్యాక్స్ అంటూ డ్రైవరు ఒక్కొక్క వేలూ మడిచాడు. ఎన్ని రౌండ్ల చర్చ జరిగినా ఒక్క వేలూ తిరిగి తెరుచుకోలేదు. చివరికి జయపురం దాకా అని రాజీ కుదిరింది.

పాడువా, నందపూర్ దాటి జయపురం చేరేసరికి పులిహోర గిన్నె అడుగంటింది. వేరే దారిలేక టిఫిన్ హోటల్ ముందు బండి ఆపారు. మామ్మ దిగనంది. "రండమ్మా, వేడిగా ఉన్నాయి" అని హోటలాయన తెలుగులో పిలిచేసరికి తలుపు తెరుచుకుంది. ఇందులో ఆయన గొప్పేం లేదు. 1936లో ఒడిశా ఏర్పడేదాకా ఈ సీమ విశాఖపట్నం జిల్లాలోదే. ఇక్కడి మహారాజా విక్రమదేవ వర్మ ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలిచ్చాడు. అక్కడి సైన్సు కాలేజీ ఆయన పేరు మీదే ఉంది.

మామ్మకు ఈ చరిత్ర అక్కర్లేదు. "మీదే ఊరు నాయనా?"

"పార్వతీపురమండి. మా తాతల నాడే ఇటొచ్చేశాం."

"ఒలమ్మో, మా తోటికోడలి పుట్టిల్లు పార్వతీపురమే!"

ఇంకేముంది, అది బయట తిండి కాకుండా పోయింది. ఏ నూనె అన్న ప్రశ్న లేకుండానే పూరీలు వచ్చాయి, గారెలు వచ్చాయి. ఎటొచ్చీ తోటికోడలి ఊరివాడన్న చుట్టరికం బిల్లు దాకా పనిచేయలేదు, ఆయన పైసాతో సహా తీసుకున్నాడు. మామ్మ పట్టించుకోకుండా, తిరుగు దారికని ఇంకో నలభై ఇడ్లీలు కట్టించింది.